వర్తూరు నీళ్లలో పీఫాస్ జాడ తీసే ముందు

చిరంజీవి సుధకు, ఆశీస్సులు.

బెంగళూరు చెరువుల్లో పీఫాస్, అంటే తేలిగ్గా నశించని ఫ్లోరిన్ రసాయనాలు, వెతకబోతున్నావట. ల్యాబ్ రేటు చూశాక నీళ్లు పట్టే పాయింట్లు తగ్గించుకున్నా సరే, బ్లాంకులు, అంటే బయటి నుంచి ఏమైనా కలిసిందా అని చూసే శుభ్రమైన నీటి సీసాలు, మాత్రం తగ్గించకమ్మా. అమెరికా 2024లో తాగునీటిలో పీఫాస్ రకాలైన పీఎఫ్‌ఓఎస్, పీఎఫ్‌ఓఏ ఒక్కోదానికి పెట్టిన హద్దు లీటరుకి 4 నానోగ్రాములు. అంత సన్నటి లెక్కలో నీ రెయిన్‌కోటు పూత కూడా కాలుష్యంగా తేలొచ్చు. బ్లాంకు కోసం ల్యాబ్ ఇచ్చే పీఫాస్ లేని నీటిని చెరువు గట్టు మీదే తెరిచి ఖాళీ సీసాలో పొయ్యి. అందులో ఏదైనా తేలిందా, ఆ రోజు అంకెలన్నిటినీ అనుమానించాల్సిందే.

సీసా అరలీటరు హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌ది. మూతకి టెఫ్లాన్ లైనింగ్ ఉండకూడదు, అదీ పీఫాస్ జాతిదే. ఈ రసాయనాలు సీసా గోడలకి అంటుకుంటాయి కాబట్టి ల్యాబ్‌వాళ్లు నీళ్లన్నీ వాడేసి, గోడల్ని మిథనాల్‌తో కడిగి అదీ కలుపుతారు. అందుకే సీసాని ముందుగా చెరువు నీళ్లతో కడగకు. మనకది చేతి అలవాటు, కానీ అలా కడిగినప్పుడు అంటుకున్నది కూడా లెక్కలో చేరి అంకె పెరుగుతుంది. భుజం దాకా నింపి ఆపు. చల్లబెట్టడానికి మామూలు ఐసు చాలు, జెల్ ప్యాకులు వద్దు.

నురగ చూసి మోసపోకు. బెళ్లందూరు చెరువు నురగకి ముఖ్య కారణం మురుగులోని డిటర్జెంట్లు. అయితే పీఫాస్ నీటి పైపొరన చేరే రకం, నురగలో చిక్కగా పోగవుతుంది. నురగని పక్కకి నెట్టి, 15 సెంటీమీటర్ల లోతున, సీసా మూతిని ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టు.

దిగువ నుంచి ఎగువకి నడువు, లేకపోతే నువ్వు కెలికిన బురదే కింది సీసాలోకొస్తుంది. దక్షిణ పినాకిని నదిలో మొదలుపెట్టి వర్తూరు తూము, తర్వాత బెళ్లందూరు తూము. ప్రతిచోటా ప్రవాహం కూడా కొలవాలి. లీటరుకి 1 నానోగ్రాము, సెకనుకి 1 ఘనమీటరు అంటే రోజుకి 86.4 మిల్లీగ్రాములు. రెండు పాయింట్ల మధ్య ఈ బరువు పెరిగితే మూలం ఆ మధ్యలో వెతకాలి. గాఢత ఒక్కటే చూస్తే మంచినీళ్లు కలిసినచోట అంతా బాగున్నట్టే ఉంటుంది.

మురుగు శుద్ధి కేంద్రం (ఎస్‌టీపీ) లోకి పోయేదానికన్నా బయటికొచ్చే నీటిలో పీఎఫ్‌ఓఏ ఎక్కువగా ఉంటే ల్యాబ్‌ని తిట్టకు. పైకి కనిపించని పూర్వరసాయనాలు లోపల విరిగి పీఎఫ్‌ఓఏగా మారతాయి. వాటిని కూడా విరగ్గొట్టి కొలిచే టాప్ అస్సే అనే పరీక్ష విడిగా అడగాలి. నికెల్, క్రోమ్ ప్లేటింగ్ షాపులున్న పీణ్య వైపు కాలువలు చూసేటప్పుడు పీఎఫ్‌ఓఎస్‌తో పాటు 6:2 ఎఫ్‌టీఎస్ అనే మరో పీఫాస్ కూడా జాబితాలో ఉందో లేదో చూసుకో. క్రోమ్ తొట్ల ఆవిరి అణచడానికి రెండూ వాడారు.

చేపల్లో జిలేబి (తిలాపియా) పట్టు, ఉన్నచోటే ఉంటుంది. ఒకే జాతివి 5, అన్నిటికన్నా చిన్నది పొడవులో పెద్దదానికి 75 శాతం కన్నా తగ్గకూడదు. పీఎఫ్‌ఓఎస్ పాత పురుగుమందుల్లా కొవ్వులో దాగదు, నెత్తురులో, కాలేయంలో ప్రొటీన్లకి అంటుకుంటుంది. కాబట్టి కాలేయం వేరు, కండ వేరు పంపు. వచ్చిన అంకెని కొవ్వు శాతంతో భాగించొద్దు.

డబ్బు మిగిలితే కోలారు వైపు రెండు బోర్లు చూడు. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరులో శుద్ధిచేసిన మురుగునీళ్లు అక్కడి చెరువులకి పోతున్నాయి, పీఎఫ్‌బీఎస్‌లాంటి పొట్టి కార్బన్ గొలుసున్న పీఫాస్ భూగర్భంలోకి ముందుగా దిగుతాయి. మోటారు కాసేపు నడిపించి పట్టు. పైపు జాయింటుకి టెఫ్లాన్ టేపు చుట్టి ఉంటే ఆ కుళాయి వదిలెయ్యి.

నీ బాబాయి