ఆనర్స్ కెమిస్ట్రీ చెప్పబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. నార్త్ కరోలినాలో బడి ఖరారైందనీ, నీకిచ్చిన మూడు బ్లాకుల్లో రెండు ఆనర్స్ కెమిస్ట్రీ అనీ తెలిసి మీ మామయ్య వెంటనే స్వీట్లు తెచ్చాడు. నాకు షుగరన్న సంగతి ఆయనకి అలాంటప్పుడు గుర్తుండదు. సంతోషమే గానీ, నువ్వు చివర్న రాసిన మాట దగ్గర ఆగిపోయాను. "అత్తయ్యా, సిలబస్ చూశా, అంతా మనం ఇంటర్ ఫస్టియర్‌లో చెప్పేదేగా, నోట్స్ రెడీగా ఉన్నాయి" అన్నావు. అందుకే ఫోన్ చెయ్యకుండా కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో అయితే "సరే సరే" అని పెట్టేస్తావు.

2001లో నేనూ ఇదే ధీమాతో వచ్చాను. గుంటూరులో ఏడేళ్లు ఇంటర్ పిల్లలకి చెప్పినదాన్ని, పదో తరగతి వయసు పిల్లలకి చెప్పలేనా అనుకున్నాను. మోల్ కాన్సెప్ట్ (డజను లాగా, అణువుల్ని లెక్కపెట్టడానికి వాడే ఒక పెద్ద సంఖ్య) వారం రోజులు చెప్పాను. బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకి నింపడం, తుడవడం, మళ్లీ నింపడం. ఒక్కరూ ప్రశ్న వెయ్యలేదు. మన దగ్గర క్లాసు నిశ్శబ్దంగా ఉంటే పాఠం బాగా వెళ్తోందని లెక్క కదా, నేనూ అలాగే మురిసిపోయాను. శుక్రవారం టెస్టు పెడితే సగం మందికి పైగా తప్పారు. పేపర్లు ఇచ్చిన రోజు వెనక బెంచీ పిల్ల చెయ్యెత్తి "మిస్, అసలు మోల్ అంటే ఎంత పెద్దది?" అంది. ఐదు రోజులుగా నేను చెబుతున్నది ఆ పిల్లకి ఒక జంతువు పేరో, ఒక డబ్బా పేరో తెలియలేదన్నమాట. ఇంగ్లీషులో మోల్ అంటే నేలలో బొరియలు తవ్వే ఒక జంతువు కూడా. అది నాకప్పుడు తెలియదు.

ముందు ఈ ఆనర్స్ అంటే ఏమిటో తెలుసుకో. మామూలు కెమిస్ట్రీకీ ఏపీ కెమిస్ట్రీకీ మధ్య మెట్టు అది. (ఇక్కడ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. మొదటి నెల ఆ మాట విన్నప్పుడల్లా నాకు మన ఊరే గుర్తొచ్చేది.) ఆ రాష్ట్రంలో ఆనర్స్ తీసుకుంటే గ్రేడుకి అర పాయింటు కలుస్తుంది, ఏపీకి ఒక పాయింటు. దానికోసం వచ్చే పిల్లలుంటారు, నిజంగా ఇష్టపడి వచ్చేవాళ్లుంటారు, స్నేహితురాలు చేరిందని చేరినవాళ్లూ ఉంటారు. లెక్కల్లో కూడా అందరూ ఒకచోట ఉండరు. కొందరికి లాగరిథమ్స్ అప్పటికింకా రావు. నువ్వు పీహెచ్ (ద్రావణం ఎంత ఆమ్లమో చెప్పే అంకె, లాగరిథమ్‌తో కట్టేది) చెప్పే రోజుకి ఆ సంగతి తెలిస్తే గాభరా పడతావు, అందుకని మొదటి వారంలోనే ఎవరు ఏ లెక్కల క్లాసులో ఉన్నారో ఒక కాగితం మీద రాయించుకో.

ఇక ప్లానింగు. మీ బడిలో ఒక్కో బ్లాకు 90 నిమిషాలు, కోర్సంతా ఒక్క సెమిస్టరులో, అంటే సుమారు 90 రోజుల్లో అయిపోవాలి అన్నావు. ఆ 90ని నమ్మకు. ఫైర్ డ్రిల్లులు, అసెంబ్లీలు, మంచు కురిసిందని సెలవులు, వేరే సబ్జెక్టు పరీక్షలకని పిల్లల్ని తీసుకెళ్లడం, నీకు జ్వరమొచ్చే రెండు రోజులు, ఇవన్నీ పోను నేను ఎప్పుడూ 75 రోజులకే ప్లాన్ వేసేదాన్ని. మిగిలితే మిగిలింది, ఆ రోజుల్లో చెయ్యడానికి ల్యాబులకి కొదవ ఉండదు.

ప్లాను మొదటి పాఠం నుంచి మొదలుపెట్టకు. ముందు ఫైనల్ పేపరు రాసుకో. జనవరిలో ఈ పిల్లలు ఏం చెయ్యగలగాలో తెలిస్తే, ఆగస్టులో ఏం వదిలెయ్యొచ్చో తెలుస్తుంది. వదిలెయ్యడమే నీకు కష్టం. మనకి క్వాంటమ్ సంఖ్యలు, సంకరీకరణం చెప్పకపోతే పాఠం చెప్పినట్టే అనిపించదు. నేను మూడో ఏడు నుంచి ఆ రెండూ తీసేశాను, అవి కావాల్సినవాళ్లు పైకెళ్లి చదువుకుంటారు. ఆ మిగిలిన రోజులన్నీ మోల్‌కీ, స్టాయికియోమెట్రీకీ (చర్యలో దేనికెంత కావాలో, ఎంత వస్తుందో కట్టే లెక్కలకీ) పోశాను. వాయువులు, ద్రావణాలు, ఆమ్లాలు, ఉష్ణ రసాయనం, ఏది పట్టుకున్నా చివరికి ఆ లెక్క దగ్గరికే వస్తారు. అది రాని పిల్లకి తర్వాత రెండు నెలలూ శిక్షే.

సార్థక అంకెలతో (కొలతలో ఎన్ని అంకెలు నమ్మొచ్చనే లెక్కతో) రెండు వారాలు తినెయ్యకు. చాలామంది ఆగస్టంతా కొలతలు, యూనిట్లు, సార్థక అంకెలు అని సాగదీస్తారు. సెప్టెంబరు వచ్చేసరికి పిల్లలు కెమిస్ట్రీ అంటే సున్నాలు లెక్కపెట్టడమని అనుకుంటారు. మొదటి రోజే వాళ్ల చేతికి ఏదో ఒకటివ్వు. నేను ఒక సెంటు నాణేలు ఇచ్చేదాన్ని. 1982కి ముందువి దాదాపు అంతా రాగి, ఒక్కోటి 3.11 గ్రాములు. ఆ ఏడాది మధ్యలో లోపల జింకు పెట్టి పైన రాగి పూత వెయ్యడం మొదలుపెట్టారు, అవి 2.50 గ్రాములు. పది సెంట్లు ఒక చిన్న డబ్బాలో వేసి, మూత టేపుతో అంటించి, ఖాళీ డబ్బా బరువు బోర్డు మీద రాసి, "తెరవకుండా లోపల పాతవెన్నో చెప్పండి" అనాలి. అంతే, నువ్వు పక్కకి తప్పుకో. త్రాసు దశాంశాలు ఎన్నిదాకా నమ్మాలో వాళ్లే దెబ్బలాడుకుంటారు. అప్పుడు సార్థక అంకెలు చెప్పు. తర్వాత ఐసోటోపులూ, సగటు పరమాణు ద్రవ్యరాశీ వచ్చినప్పుడు ఇదే డబ్బా మళ్లీ తియ్యి.

ఇప్పుడు అసలు సంగతి, వంటసోడా ల్యాబు. దీన్నొక్కదాన్ని నాలాగే చెయ్యి, మిగతావి నీ ఇష్టం.

వంటసోడా అంటే సోడియం బైకార్బోనేట్ అని చెప్పి, దాన్ని బాగా కాలిస్తే ఏమవుతుందో చెప్పకు. మూడు సమీకరణాలు బోర్డు మీద రాయి. ఒకదాంట్లో చివరికి సోడియం హైడ్రాక్సైడ్ మిగులుతుంది, రెండోదాంట్లో సోడియం కార్బోనేట్, మూడోదాంట్లో సోడియం ఆక్సైడ్. మూడూ తుల్యంగానే ఉంటాయి, కాగితం మీద మూడింటిలో ఏదీ తప్పనిపించదు. "2.00 గ్రాములు కాలిస్తే ఒక్కోదాని ప్రకారం ఎంత మిగలాలి?" అని అడుగు. లెక్క కడితే వరసగా 0.95, 1.26, 0.74 గ్రాములు వస్తాయి. ఆ అంకెలు ముందు వాళ్ల నోటుబుక్కులో ఉండాలి, ఆ తర్వాతే బర్నరు వెలగాలి. క్రూసిబుల్ (మంట మీద పెట్టే చిన్న పింగాణీ గిన్నె) తూచి, సోడా వేసి తూచి, పది పదిహేను నిమిషాలు కాల్చి, చల్లార్చి, మళ్లీ తూచి, మళ్లీ కాల్చి, బరువు మారడం ఆగేదాకా.

నేను మొదటిసారి ఇది చేయించినప్పుడు ఏడు గుంపులున్నాయి. ఐదు గుంపులకి 1.26 చుట్టుపక్కల వచ్చింది. ఒక గుంపు వేడి క్రూసిబుల్‌నే త్రాసు మీద పెట్టి అంకె నిలవడం లేదని త్రాసుని తిట్టుకుంది. చివరి గుంపుకి 1.58. వాళ్లలో ఒక అబ్బాయి "మాది తప్పు, కొట్టేస్తాం" అని కొట్టెయ్యబోయాడు. పక్క గుంపు పిల్ల ఆపి, "మూడింటిలో ఏదీ 1.58 ఇవ్వదు, అంటే మీ సోడా ఇంకా సగంలోనే ఉందేమో, మళ్లీ పెట్టండి" అంది. మళ్లీ పెట్టారు. 1.41. మళ్లీ. 1.27. ఆ అబ్బాయి త్రాసు వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. మోల్ ఎంత పెద్దదని ఆ తర్వాత ఎవరూ అడగలేదు. నేను వారం రోజులు బోర్డు మీద చెప్పలేనిది ఒక గంటన్నరలో అయింది. నేను ఆ గంటన్నరలో నోరు మూసుకోవడానికి పడ్డ కష్టం మాత్రం అంతా ఇంతా కాదు. నీకూ తప్పదు.

లిమిటింగ్ రియేజెంట్‌కి (ముందుగా అయిపోయి చర్యని ఆపేసే పదార్థానికి) ఇక్కడ అందరూ శాండ్‌విచ్ పోలిక చెబుతారు. ఒక పది నిమిషాలు చెప్పు, అక్కడితో వదిలెయ్. రెండు రోజులు శాండ్‌విచ్‌లు కట్టించినదాన్ని నేను, చివరికి పిల్లలకి శాండ్‌విచ్‌లు బాగా వచ్చాయి.

ఇంకొకటి, బొమ్మలు గీయించు. మన పిల్లల్లాగే ఇక్కడా చురుకైనవాళ్లు సమీకరణాల్ని రెప్పపాటులో తుల్యం చేస్తారు. ఒకసారి బ్యాక్ టు స్కూల్ నైట్‌కి మనవాళ్లే ఒకాయన వచ్చి, తెలుగులో గొంతు తగ్గించి, "మేడం, మావాడు వేసవిలోనే కోర్సంతా చేసేశాడండీ" అన్నాడు. నిజమే, వాడికి అన్నీ వచ్చు. మూడు హైడ్రోజన్ అణువులు గీయరా అంటే ఆరు గుండ్రాలనీ ఒకే దండగా గుచ్చాడు. 3H₂లో ముందున్న 3 ఏమిటో, కిందున్న 2 ఏమిటో వాడెప్పుడూ ఆలోచించలేదు, ఆ అవసరం రాలేదు. గ్లాస్గోలో జాన్‌స్టన్ అనే ఆచార్యుడు దీని గురించే రాశాడు. కంటికి కనిపించేది, కనిపించని అణువులు, కాగితం మీది గుర్తులు, ఈ మూడింటి మధ్యా మనం గబగబా గెంతుతుంటాం, కొత్తగా నేర్చుకునేవాడు ఆ గెంతుల్లోనే పడిపోతాడు. చిన్న వైట్‌బోర్డులు గుంపుకొకటి కొను. నీళ్లు మరిగితే బుడగల్లో ఏముందో గీయమను. హైడ్రోజన్, ఆక్సిజన్ విడివిడిగా గీసి పొరబడేవాళ్లు ఏటా ఉంటారు. బంధం తెగితే శక్తి బయటికొస్తుందని పొరబడేవాళ్లు అంతకంటే ఎక్కువమంది, అది బయాలజీ క్లాసు నుంచి తెచ్చుకున్న మాట. రెండు అయస్కాంతాలు చేతికిచ్చి విడదీయమని, ఎవరు శక్తి పెట్టారో అడుగు.

ల్యాబు దగ్గర ఒక విషయం నిన్ను బాగా దెబ్బ తీస్తుంది. ఇక్కడ అటెండర్ ఉండడు. మన కాలేజీలో లవణ విశ్లేషణ రోజు మనం వెళ్లేసరికి సీసాలు వరసగా ఉండేవి. ఇక్కడ ద్రావణం కలిపేదీ, లేబుల్ రాసేదీ, సింకు కడిగేదీ నువ్వే. ప్రతి ల్యాబునీ ముందు నువ్వొక్కదానివే ఒకసారి పూర్తిగా చేసి చూసుకో. దేనికి ఎంతసేపు పట్టిందో రాసుకుని దాన్ని రెండింతలు చెయ్యి, పిల్లలకి పట్టేది అంత. ఖర్చు తక్కువవి ఎంచుకో. మైలుతుత్తం కాల్చి దాంట్లో నీరు 36 శాతమని తేల్చడం, కొట్లో కొన్న వెనిగర్‌ని టైట్రేట్ చేసి సీసా మీది 5 శాతం నిజమో కాదో చూడటం, రెండూ పిల్లలకి నచ్చుతాయి.

గాగుల్స్ విషయంలో మొహమాటం వద్దు. తీసినవాడు ఆ రోజు ల్యాబు చెయ్యడు, కూర్చుని పక్కవాళ్ల డేటాతో లెక్కలు కడతాడు. రెండుసార్లు అలా చేస్తే మూడోసారి నీకు చెప్పే పని ఉండదు. రంగురంగుల మంటల ప్రదర్శన అని మిథనాల్ పోసి వెలిగించే వీడియోలు నీకు చాలా కనిపిస్తాయి. అది నీ గదిలో జరగకూడదు. పిల్లలు ఘోరంగా కాలిపోయిన సంఘటనలున్నాయి, 2014లో కెమికల్ సేఫ్టీ బోర్డు దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. పుల్లల్ని లవణ ద్రావణాల్లో నానబెట్టి బర్నరు మంటలో పెట్టినా అవే రంగులొస్తాయి.

పరీక్షల్లో బిట్లు తగ్గించు. నీకు ఎంసెట్ షార్ట్‌కట్లు నాలుక చివర ఉంటాయని తెలుసు, వాటిని గుంటూరులోనే వదిలెయ్. ఇంటి పని గురించి నేను మార్కుల ఆశ వదులుకున్నాను. ఫోన్‌లో ఏఐని అడిగి రాసుకొచ్చిన జవాబు ఎంత అందంగా ఉంటుందో నువ్వే చూస్తావు. మార్కులు క్లాసులో చేతితో రాసే ల్యాబు నోటుబుక్కుకీ, చిన్న చిన్న క్విజ్‌లకీ పెట్టు. తప్పిన క్విజ్ మళ్లీ రాయనివ్వు, కానీ ముందుదాంట్లో ఎక్కడ తప్పారో రాసి తెచ్చాకే.

వైకల్యమో, నేర్చుకోవడంలో ఇబ్బందో ఉన్న కొందరు పిల్లలకి ఏ సాయం చెయ్యాలో రాసిన ఐఈపీ అనీ, 504 ప్లాన్ అనీ కాగితాలుంటాయి. ఎక్కువ సమయం ఇవ్వాలని అందులో ఉంటే ఇచ్చి తీరాలి, అది చట్టం. మొదటి రోజుకి ముందే అన్నీ చదువు. తల్లిదండ్రుల ఈమెయిల్స్‌కి రాత్రి పదింటికి జవాబివ్వకు. ఒకసారి ఇస్తే రోజూ పదింటికే వస్తాయి.

నీ నోట్సు పారెయ్యమనడం లేదు. లెక్కలు బాగుంటాయి, వాటిలోంచి ఏరుకుందాం. వచ్చే శనివారం ఇంటికి రా, నా సెంట్ల సీసా నీకిచ్చేస్తాను, ఇరవై రెండేళ్లుగా పోగేసినవి, పాతవీ కొత్తవీ వేరు చేసే ఉన్నాయి. గరాజ్‌లో రెండు క్రూసిబుల్స్, త్రాసు, బర్నరు పెట్టి వంటసోడా ఒకసారి నీ చేత చేయిస్తాను. వస్తూ దారిలో సోడా డబ్బా ఒకటి పట్టుకురా, మా ఇంట్లోది మీ మామయ్య మైసూర్ బజ్జీల్లో వాడేశాడు.

నీ
అత్తయ్య