మెడ్లీ గురించి రాసే అమ్మాయికి

అమ్మాయీ,

పారిస్ ఒలింపిక్స్ మహిళల 200 మీటర్ల వ్యక్తిగత మెడ్లీ (ఒక్కరే నాలుగు రకాల ఈతలు, యాభై మీటర్లకొకటి చొప్పున, వరుసగా ఈదే పందెం) ఫైనల్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. వాక్యం నడిపించడం నీకు వచ్చు. ఆ భరోసాతోనే కాస్త కటువుగా రాస్తున్నాను, నొచ్చుకోకు.

నీ వ్యాసంలో కెనడా అమ్మాయి సమ్మర్ మెకింటాష్ మొదటి వాక్యంలోనే గెలిచేసింది. అక్కణ్ణుంచి చివరిదాకా ఆమెకు దండలు వేయడమే. కొలనులో మరో ఏడుగురు ఉన్నారన్న సంగతి అడుగున పతకాల జాబితాకి వస్తే తప్ప తెలియలేదు. పైగా ‘జలకన్య’ నాలుగుచోట్ల, ‘చరిత్ర సృష్టించింది’ మూడుచోట్ల. అవి తీసేయడానికి పెన్సిల్ చాలు. పందెం కనిపించకపోవడం మాత్రం పెన్సిల్‌తో బాగుపడేది కాదు, మళ్ళీ చూసి రాయాల్సిందే.

ఆ రాత్రి, అంటే 2024 ఆగస్టు 3న, లా డెఫాన్స్ అరీనాలో దిమ్మెల మీదికి ఎవరెవరు ఎక్కారో ఒకసారి గుర్తుచేసుకో. మెకింటాష్ అప్పటికే అక్కడ 200 మీటర్ల బటర్‌ఫ్లై గెలిచింది. ఆస్ట్రేలియా అమ్మాయి కేలీ మెక్‌కియోన్ 100, 200 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ (వెల్లకిల ఈత) రెండూ గెలిచింది, అదీ వరుసగా రెండో ఒలింపిక్స్‌లో. అమెరికాకు చెందిన కేట్ డగ్లస్ 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ విజేత. మెడ్లీలో మొదటి మూడు ఈతలు ఇవే, ఇదే వరుసలో. మూడింటికీ ఆ ఒలింపిక్స్ ఛాంపియన్లే ఒకే పందెంలో పక్కపక్కన నిలబడ్డారు. రాసేవాళ్ళకి ఇంతకంటే పెద్ద వరం ఎక్కడ దొరుకుతుంది? నీ వ్యాసంలో ఇందులో ఒక్క ముక్కా లేదు. మెక్‌కియోన్ పేరైతే ‘కాంస్యం దక్కింది’ అన్న చోట మాత్రమే ఉంది. ఆ కాంస్యం ఎలా దక్కిందన్నది మరో కథ, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే: మెడ్లీలో ఎవరు ముందున్నారన్నది సగం అబద్ధం. వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో ముందున్న మనిషి నిజంగా ముందున్నట్టే. ఇక్కడ అలా కాదు. వెల్లకిలా ఈదుతూ మెక్‌కియోన్ ముందుకొస్తే అది వార్త కాదు, ఆమె రావాల్సిన చోటే అది. ఆ యాభై మీటర్లలో డగ్లస్ ఎంత దూరంలో ఆగిందన్నది అసలు వార్త. ఎందుకంటే తర్వాతి యాభై డగ్లస్‌ది. ఒక్కొక్కరినీ పక్క లేన్‌తో పోల్చడం మానేసి, ఆ క్షణానికి ఆమె ఎక్కడ ఉండాలో ఆ చోటుతో పోల్చి చూడు. అప్పుడు వెనకబడి ఉన్న మనిషి గెలుస్తోందని, ముందున్న మనిషి ఓడిపోతోందని నీకు ముందే తెలుస్తుంది. ఆ తెలివిడిని పాఠకుడికి గెలుపు కంటే కొన్ని సెకన్ల ముందు అందించగలిగితే చాలు, వాడు నీ వాక్యాలు వదలడు. మెకింటాష్ 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో అదే కొలనులో రజతం గెలిచిందని ముందు పేరాలోనే చెప్పి ఉంటే, చివరి యాభై, అంటే ఫ్రీస్టైల్, మొదలయ్యేసరికి చదివేవాడు ఊపిరి బిగబట్టి ఉండేవాడు.

దీనికి కవిత్వం అక్కర్లేదు, స్ప్లిట్స్ కావాలి. 50, 100, 150 మీటర్ల దగ్గర ఎవరు ఎంతలో తాకారో ఫలితాల షీట్‌లో ఉంటుంది. అది ముందు పెట్టుకోకుండా మెడ్లీ గురించి రాయడానికి కూర్చోకు. షీట్ చూసి వీడియో చూడు, వీడియో చూసి మళ్ళీ షీట్ చూడు.

ఇంకో మాట. నువ్వు పందెం బ్యాక్‌స్ట్రోక్‌తో మొదలైందని రాశావు. అది మెడ్లీ రిలే. నలుగురు పంచుకునే రిలేలో బ్యాక్‌స్ట్రోక్ మొదట వస్తుంది, దాన్ని నీళ్ళలోంచే మొదలుపెట్టాలి కాబట్టి. ఒక్కరే ఈదే మెడ్లీలో బటర్‌ఫ్లై ముందు, ఆ తర్వాత బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, చివర ఫ్రీస్టైల్. ఈ ఒక్క తప్పుతో ఈత తెలిసిన పాఠకుడు నీ వ్యాసాన్ని అక్కడే మూసేస్తాడు, మిగతాది ఎంత బాగున్నా సరే.

బ్రెస్ట్‌స్ట్రోక్‌ని ఒక్క వాక్యంలో దాటేశావు. నాలుగింటిలో నెమ్మదైన ఈత అదే. నెమ్మదైనది కాబట్టే అందులో గడిపే సమయం ఎక్కువ, బలమున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య సెకన్లు అక్కడే విడిపోతాయి. అప్పటిదాకా భుజాల మీద నడిచిన పందెం ఒక్కసారిగా తొడల మీదికి, మోకాళ్ళ మీదికి దిగుతుంది. అలిసిన మనిషి లయ మార్చుకోవాలి. 400 మీటర్ల మెడ్లీలో ఇది ఇంకా కనిపిస్తుంది: రెండు వందలు ఈదిన ఒళ్ళుతో వంద మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్. నీకు చోటు తక్కువైతే బటర్‌ఫ్లై తగ్గించు, దీన్ని తగ్గించకు.

ఇక మలుపు సంగతి. బ్యాక్‌స్ట్రోక్ నుంచి బ్రెస్ట్‌స్ట్రోక్‌కి మారే ఆ గోడ దగ్గరే పారిస్‌లో ఒక పతకం పోయింది. అమెరికాకే చెందిన అలెక్స్ వాల్ష్ పందెం చివర మూడోదిగా గోడ తాకింది. కాసేపటికి బోర్డు మీద ఆమె పేరు పక్కన అనర్హత అని వచ్చింది. బ్యాక్‌స్ట్రోక్‌ని వెల్లకిలా ఉండగానే ముగించలేదన్నది కారణం. మామూలు బ్యాక్‌స్ట్రోక్ పందెంలో మధ్య మలుపుల దగ్గర బోర్లా తిరిగి పల్టీ కొట్టొచ్చు. మెడ్లీలో ఈ గోడ మలుపు కాదు, ఆ ఈతకి ముగింపు. కాబట్టి చెయ్యి గోడకి తగిలేదాకా వీపు మీదే ఉండాలి. భుజాలు నిలువు దాటి బోర్లా వైపు ఒరిగాక తాకితే అంతే. అసలు ఇబ్బంది ఏమిటంటే, త్వరగా తిరగాలంటే ఒళ్ళు ముందే ఒరగాలని తొందరపడుతుంది. పోటీ స్థాయి ఈతగాళ్ళు ఆ తొందరకీ నియమానికీ మధ్య ఉన్న వెంట్రుకవాసి చోటులోనే సెకనులో పదో వంతులు సంపాదిస్తారు. వాల్ష్ ఆ చోటు దాటింది. అలా నాలుగో స్థానంలో ఉన్న మెక్‌కియోన్‌కి 2:08.08తో కాంస్యం వచ్చింది.

చూడు, మెక్‌కియోన్‌కి ఆ పతకం తెచ్చినది బ్యాక్‌స్ట్రోక్ ముగింపు నియమం. ఆ ఈత ఆమె అంత బాగా తెలిసినవాళ్ళు ప్రపంచంలో అరుదు. దీన్ని నువ్వు ఎత్తి చూపించనక్కర్లేదు, రెండు వాస్తవాలూ దగ్గర దగ్గర పెడితే చదివేవాడే చూసుకుంటాడు. వాల్ష్‌ని గురించి ‘పొరపాటు చేసి పతకం చేజార్చుకుంది’ అని తీర్పు రాయకు. నియమం వివరించు, ఏం జరిగిందో చెప్పు, ఆపు.

అంకెల విషయం. మెకింటాష్ సమయం 2:06.56, డగ్లస్‌ది 2:06.92 అని రాశావు, సరే. కానీ ఒలింపిక్ రికార్డు అని రాసి ఊరుకున్నావు. ఎవరి రికార్డు? 2016లో రియోలో హంగేరీ అమ్మాయి కటింకా హొస్జు పెట్టిన 2:06.58. తేడా 0.02. ఇది చెప్పకపోతే రికార్డు అన్న మాట ఉత్త బిరుదు. అయితే వ్యాసంలో అంకెలు గుమ్మరించకు. అంకెలు కూరలో ఉప్పులాంటివి, రెండోసారి వేసే ముందు రుచి చూడు.

అంకె ఒక్కోసారి మనిషిని గాయపరుస్తుంది కూడా. 2012 లండన్‌లో చైనాకు చెందిన పదహారేళ్ళ యె షివెన్ 400 మీటర్ల మెడ్లీని 4:28.43 ప్రపంచ రికార్డుతో గెలిచింది. ఆమె చివరి యాభై మీటర్లు 28.93 సెకన్లు. అదే రోజు మగవాళ్ళ పందెం గెలిచిన ర్యాన్ లోక్టి చివరి యాభై 29.10. ఇంకేం, ప్రపంచమంతా అనుమానం. లోక్టి మొత్తం సమయం 4:05.18 అని, అంటే అసలు పందెంలో ఇద్దరికీ ఇరవై మూడు సెకన్ల తేడా ఉందని, అతను అప్పటికే గెలుపు ఖాయం చేసుకుని వస్తున్నాడని చాలామంది రాయలేదు. రెండు అంకెలు పక్కపక్కన పెట్టి పిల్ల మీదికి వదిలేశారు. ఆమె పరీక్షలో ఏమీ దొరకలేదు. నాలుగేళ్ళకు హొస్జు రియోలో 4:26.36 ఈది ఆ రికార్డుని రెండు సెకన్లకు పైగా తగ్గించింది.

అలాగని అనుమానం ఎప్పుడూ పాపమేనని అనను. 1980 మాస్కోలో తూర్పు జర్మనీ అమ్మాయి పెట్రా ష్నైడర్ ఇదే 400 మెడ్లీని పది సెకన్ల పైచిలుకు తేడాతో గెలిచింది. రెండోది బ్రిటన్‌కు చెందిన షారన్ డేవిస్. తూర్పు జర్మనీలో ప్రభుత్వమే క్రీడాకారులకు మందులు ఎక్కించిందన్నది తర్వాత పత్రాలతో సహా బయటపడింది. తన రికార్డులు మందులతో వచ్చినవని ష్నైడరే చెప్పింది. ఈ రెండు ఉదంతాలకీ మధ్య తేడా ఆధారం ఒక్కటే. అది చేతిలో ఉంటే పేరు పెట్టి రాయి. లేకపోతే ‘కనుబొమలు పైకి లేచాయి’ లాంటి వాక్యాల వెనక దాక్కోకు. పిరికితనాన్ని నేర్పుగా రాసినా పిరికితనమే.

వయసు గురించి కూడా ఇలాగే. 2025 సింగపూర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో యూ జిడి అనే పన్నెండేళ్ళ పిల్ల 200 మెడ్లీలో నాలుగో స్థానంలో వచ్చింది, కాంస్యానికి 0.06 సెకను దూరంలో. అందరూ పన్నెండు అన్న అంకె దగ్గరే ఆగిపోయారు. ఆ పిల్ల ఎలా ఈదిందో, నాలుగు ఈతల్లో ఏది ఆమెదో, ఏది ఇంకా ఆమెది కాలేదో రాసినవాళ్ళు తక్కువ. నువ్వు ఆ తక్కువమందిలో ఉండు.

‘మగవాళ్ళకు దీటుగా’ అన్న ముక్క కొట్టేశాను. ఎందుకో నువ్వు అడగవనే అనుకుంటున్నాను.

ఇక నీకో పని. అదే సింగపూర్‌లో 400 మీటర్ల మెడ్లీ ఫైనల్ చూడు. మెకింటాష్ 4:25.78లో చాలా ముందే ముగించేసింది. ఆమెని వదిలెయ్. ఆమె వెనక ఆస్ట్రేలియా అమ్మాయి జెన్నా ఫారెస్టర్, జపాన్ అమ్మాయి మియో నరీతా ఇద్దరూ 4:33.26తో గోడ తాకి రజతం పంచుకున్నారు. అర సెకను వెనక ఆ చిన్నది యూ జిడి, మళ్ళీ నాలుగో స్థానం. ఆ ముగ్గురి పందెం రాసి పంపు. విజేత పేరు ఒక్కసారికి మించి రాకూడదు. ఎనిమిది వందల మాటలు దాటొద్దు. ఏ గోడ దగ్గర ఎవరు ఎవరికి ఎంత అప్పు పడ్డారో, ఎక్కడ తీర్చారో నాకు తెలియాలి. స్ప్లిట్స్ షీట్ కూడా జత చెయ్, నేను సరిచూస్తాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి