కారు తాళం తీసుకునే ముందు

నల్లగొండ

చిరంజీవి మహేశ్‌కు మామయ్య ఆశీస్సులు.

మిర్యాలగూడలో కొత్త కారు తీసుకొని, డ్రైవరును పెట్టి కిరాయికి తిప్పబోతున్నావని మీ అమ్మ చెప్పగా చాలా సంతోషించాను. ఇప్పటి కార్లలో చాలావాటికి లోపలే సిమ్ ఉంటుంది కనుక బండి ఎక్కడున్నదీ, ఎంత వేగంతో పోయినదీ, బ్రేకు ఎంత గట్టిగా పడినదీ కంపెనీ సర్వరుకు చేరుతూనే ఉంటుంది. తాళాలిచ్చే రోజున షోరూము పిల్లవాడు నీ ఫోనులో యాప్ ఎక్కించి, వచ్చిన ప్రతి ప్రశ్నకూ 'అంగీకరిస్తున్నాను' అని తానే నొక్కేస్తాడేమో, ఆ ఫోను అతని చేతికి ఇవ్వకు.

ప్రమాదం జరిగినప్పుడో, బండి పోయినప్పుడో జాడ తెలియడానికి లొకేషన్ ఇవ్వడం మంచిదే. అదే వివరం బీమా కంపెనీలకో ప్రకటనలవారికో చేరడానికి ఒప్పుకోవడం మాత్రం వేరే సంగతి. జనరల్ మోటార్స్ కొన్ని కార్ల లొకేషన్‌ను 3 సెకన్లకొకసారి కూడా సేకరించి, డ్రైవింగ్ తీరుతో కలిపి సరైన సమ్మతి లేకుండా అమ్ముకుందని అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 2025 జనవరిలో ఆరోపించింది. ఆ వివరాలను బట్టి బీమా ప్రీమియంలు నిర్ణయమయ్యాయన్నదే అందులో అసలు బాధ.

మన దేశంలో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఇచ్చినంత సులువుగా సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు ఆ చట్టంలో ఉన్నా, ఇలాంటి ముఖ్య నిబంధనల అమలుకు నియమాలు వెలువడిన నాటి నుంచి 18 నెలల గడువిచ్చారు. అందుచేత ఇప్పటికి నీ జాగ్రత్తే నీకు అండ.

కిరాయి బండికి ప్రభుత్వం తప్పనిసరి చేసిన ట్రాకింగ్ పరికరాన్ని, అత్యవసర బటన్‌ను మాత్రం ముట్టుకోవద్దు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది డ్రైవరు సంగతి. అతడు ఎవరిని నార్కట్‌పల్లి ఆసుపత్రికి తీసుకుపోయాడో, రాత్రి బండి ఏ వీధిలో ఆగిందో నీ ఫోనులో కనబడుతుంది. పనిలో పెట్టుకునే రోజునే ఆ మాట అతనికి చెప్పు, యాప్‌లో ఏమేం కనబడతాయో తెరిచి చూపించు. డ్యూటీ ముగిశాక బండి అతని దగ్గరే ఉన్నా ఆ వివరాలు చూడకు, ఇంట్లో ఎవరినీ చూడనివ్వకు.

రేపు బండి అమ్మేటప్పుడు స్క్రీనులోని ఫోను నంబర్లు, ఇంటి చిరునామా చెరిపేసి, యాప్ నుంచి బండిని తొలగించి, తమ దగ్గరున్న నీ వివరాలు తీసివేయమని కంపెనీకి ఈమెయిల్ పెట్టి, వచ్చిన జవాబును అమ్మకం కాగితాలతో కలిపి దాచుకో.

ఇట్లు,
మామయ్య