చెరువు పక్కన గదులు కట్టబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

వీరాపురం పొలిమేరలో మీ చేను దగ్గర, కొంగల్ని చూడవచ్చేవాళ్ల కోసం పది గదులు కట్టాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. పది వద్దురా, నాలుగు చాలు. నువ్వు మంచాల నుంచి లెక్క మొదలుపెట్టావు. మాటు నుంచి, అంటే దాక్కుని పక్షుల్ని చూసే గుడిసె నుంచి, మొదలుపెట్టాలి. పక్షి బెదరకుండా చూడాలంటే మాటులో కూర్చోవాలి. అందులో నలుగురికి మించి కూర్చుంటే ఐదోవాడు కదులుతూనే ఉంటాడు. పొద్దున ఒక జట్టు, మాపు ఒక జట్టు, రోజుకు ఎనిమిది మంది. ఇద్దరికో గది. పది గదులు నిండిన రోజు మిగతా పన్నెండు మంది ఏం చేస్తారు? నేరుగా గూళ్లున్న చింతచెట్ల కిందికి పోయి తలలెత్తి నిలబడతారు. అంతా చెడేది అక్కడే.

గూళ్లు కట్టేది ఎర్రకాళ్ల కొంగ. పేపర్లలోనూ జనం నోటా సైబీరియా కొంగ అని పడిపోయింది గానీ నీ బోర్డు మీద ఆ మాట రాయించొద్దు. దానికి సైబీరియాతో పనే లేదు. మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ నీళ్లను బట్టి తిరిగే పక్షి అది. సంక్రాంతికి అటూ ఇటూగా దిగుతుంది, గూడు సర్దుకుని రెండు నుంచి ఐదు గుడ్లు పెడుతుంది. నెల రోజులు పొదుగుతుంది. పిల్ల ఎగరడానికి ఆపైన రెండు నెలలు. జంటలన్నీ ఒకేసారి దిగవు కాబట్టి ఈ పని ఆషాఢ శ్రావణాల దాకా సాగుతుంది. అంటే గూట్లో పిల్లలుండే కాలం, మన ఎండలు నలభై డిగ్రీలు దాటే కాలం ఒకటే. పెద్దకొంగ రెక్కలు గొడుగులా చాచి పిల్లలకు నీడ పడుతుంది, ముక్కున నీళ్లు తెచ్చి వాటి మీద వదులుతుంది. కింద ఎవడో ఫోటో కోసం చప్పట్లు కొడితే పెద్దది లేచిపోతుంది. ఈకలు రాని పిల్ల ఆ ఎండకు కాసేపు కూడా ఆగలేదు. గుడ్లుంటే కాకులు ఎత్తుకుపోతాయి. కొంచెం ఎదిగిన పిల్లలు భయానికి మింగిన చేపంతా కక్కేస్తాయి, ఆ పూట తిండి నేలపాలు. ఇంకా ఎదిగినవి గూటి అంచుకు జరిగి కింద పడతాయి, కుక్కలు కాచుకునే ఉంటాయి.

అందుకని మార్చి నుంచి జూన్ దాకా పొద్దున తొమ్మిదిన్నరకు చెట్ల వైపు దారి మూసెయ్యి, మాపు నాలుగున్నరకు తెరువు. ఈ మాట గది బుక్ చేసుకునేటప్పుడే చెప్పు. వచ్చి కూర్చున్నాక చెబితే గొడవ పెట్టుకుంటారు.

మాటు కార్తీక మాసంలోనే కట్టు, పక్షి దిగేలోపు. ముందే ఉన్న గుడిసెను కొంగ రాయినో చెట్టునో చూసినట్టు చూస్తుంది. పక్షులు గూళ్లు పెట్టాక కట్టావంటే ఆ వైపు కొమ్మలు ఖాళీ అవుతాయి. దగ్గరి గూటి చెట్టు నుంచి అరవై మీటర్లకు తగ్గొద్దు. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, వెదురు గుంజలు, కొబ్బరి మట్టల దడి. చూసే సందు పైనుంచి కిందికి అడుగు ఉండాలి. బెంచీ మీద కూర్చుంటే కళ్లకు సరిపోవాలి, అంటే నేల నుంచి మూడున్నర అడుగులు. పిల్లలకు ఇంకోటి రెండున్నర అడుగుల దగ్గర. సందు వెనక గోడ చీకటిగా ఉండాలి, లేకుంటే లోపలి మనిషి నీడ బయటికి కనిపిస్తుంది. పొద్దున వాడే మాటు చెట్లకు తూర్పున, మాపు వాడేది చెరువుకు పడమర ఒడ్డున. ఎండ మన వీపు మీద, వెలుగు పక్షి మీద పడాలి. దీన్ని తిరగేసి కడితే రోజంతా నల్లటి బొమ్మలే కనిపిస్తాయి. లోపలికి పోయేది తెల్లవారకముందే, ఐదున్నరకు.

బైనాక్యులర్లు నాలుగు కొను, 8×42 రకం, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు ఉండేది. 10 ఉన్నది ఇంకా దగ్గరగా చూపిస్తుందని అంగడివాడు అంటాడు. అలవాటు లేని చేతిలో అది వణుకుతుంది. మన ఊళ్లో అద్దానికి బూజు కంటే దుమ్ము శత్రువు. ముందు ఊదే బల్బుతో దుమ్ము ఎగరగొట్టి, ఆ తర్వాతే మెత్తటి బట్టతో తుడవాలి. పంచె కొసతో తుడిచావంటే ఇసుక రేణువు గీత పెడుతుంది. టెలిస్కోపు ఒకటి, మూడుకాళ్ల స్టాండుతో, చెరువు దగ్గర పెట్టు. తొమ్మిది దాటితే దాన్ని ఎంత పెంచినా లాభం లేదు, నేల నుంచి లేచే వేడికి బొమ్మ నీళ్లలా ఊగుతుంది.

ఇప్పుడు చెరువు సంగతి. గదుల కంటే దీని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టు. ఎర్రకాళ్ల కొంగ చేపను కంటితో చూసి పట్టదు. ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి, తల అటూ ఇటూ ఊపుకుంటూ, కాలితో ఒండ్రు కెలుకుతూ నడుస్తుంది. చేప తగలగానే ముక్కు టక్కున మూస్తుంది. ఈ పనికి దానికి కావలసింది అడుగు లోపు నీళ్లు, మెల్లగా దిగే ఒడ్డు, చిన్న చేపలు. మాఘం నుంచి వైశాఖం దాకా చెరువు మెల్లమెల్లగా తగ్గుతూ ఉంటే అంచున చేపలు చిక్కుతాయి, పిల్లలకు తిండి దొరుకుతుంది. పూడిక తీసేటప్పుడు జేసీబీతో నిలువు గోతులు తవ్వించారంటే నీళ్లు నిలుస్తాయి గానీ కొంగ నిలబడలేదు. పూడిక తీయొద్దని ఊళ్లో అనకు, రైతుకు ఆ ఒండ్రు కావాలి. తూము వైపు లోతు తీసుకోనిచ్చి, ఎగువ ఒడ్డు మాత్రం వాలుగా వదలమని అడుగు. పదడుగుల దూరానికి అడుగు లోతు దిగే వాలు చాలు. హంద్రీ-నీవా కాలువ నీళ్లు వదిలే చెరువైతే ఇంకో చిక్కుంది. ఏప్రిల్లో ఒక్కసారిగా నింపితే ఆ అంచంతా మునిగి, పెద్దకొంగలు వేరే చెరువులు వెతుక్కుంటాయి. ఒక విడత ముందుకో వెనక్కో జరపమని ఇంజనీరును అడగడంలో తప్పు లేదు.

చెరువు చేపల వేలంపాట పాడుకున్నవాళ్లతో ముందే కూర్చుని మాట్లాడు. వాళ్లు కట్ల, రోహు పిల్లల్ని కొని వదిలేది డబ్బు పెట్టి. కొంగ తింటే కడుపు మండుతుంది, టపాకాయలు పేలుస్తారు. చిన్న చేపపిల్లల్ని నేరుగా చెరువులో వదిలేబదులు వేరే మడుగులో చేతివేలంత పొడవుకు పైన పెంచి వదిలితే నష్టం తగ్గుతుంది. ఆ మడుగు మీద వల పరిచే ఖర్చు నువ్వు పెట్టుకో. వాళ్లలో ఒకరిద్దరిని నెల జీతానికి పెట్టుకో. ఏ కొంగ ఎక్కడ మేస్తుందో వాళ్లకు తెలిసినంత నీకు తెలీదు. మోటారు పడవ వద్దు. కావాలంటే పుట్టి, అదీ బాతులు లేని నెలల్లో.

అవును, చెరువులో ఉండేవి ఒక్క ఎర్రకాళ్ల కొంగలే కాదు. నత్తగుల్ల కొంగ, తెడ్డుమూతి కొంగ, తెల్లకంకణం, నీటికాకి, లకుముకి పిట్ట, ఇవి నీళ్లున్న రోజుల్లో ఎప్పుడైనా కనిపించొచ్చు. బాపన బాతు, సూదితోక బాతు చలికాలపు చుట్టాలు, నవంబర్ నుంచి మార్చి దాకా. కొంగలు లేని నెలల్లో వచ్చినవాళ్లకు చూపించడానికి ఇవే దిక్కు. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా మాత్రం గదులు ఖాళీ అనుకునే అప్పు లెక్క వేసుకో.

కట్టే చోటు. మరవ, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు, దాని మట్టం కంటే నీ గది నేల కనీసం మూడడుగులు ఎత్తుండాలి. కళ్లతో అంచనా వేయొద్దు. పారదర్శకంగా ఉండే సన్న గొట్టంలో నీళ్లు పోసి, బుడగలు లేకుండా చూసి, మరవ మీద నుంచి గుంజ గుంజకు మట్టం మోసుకొచ్చి నీ చేనులో గుర్తు పెట్టు. మన ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్లే అయినా అది రెండు రాత్రుల్లో కురిసిన ఏడు చెరువు తన చోటు తాను అడుగుతుంది. ముంపు భూమిలో కట్టడం చట్టానికీ విరుద్ధం. గూటి చెట్లకు గదులు రెండు వందల మీటర్లు దూరం ఉంచు.

రేకుల కప్పు వద్దు, ఏప్రిల్లో లోపల మనిషి ఉండలేడు. బోదగడ్డి కొట్టం ఫోటోకు బాగుంటుంది గానీ దానిలోకి ఎలుక, ఎలుక వెనక పాము వస్తుంది. రాతిగోడ, మంగళూరు పెంకు, లోపల కడప బండలు, బయట సున్నం. చెరువు వైపు పెద్ద అద్దాలు పెట్టాలని నీకుంటుంది. ఆ అద్దంలో ఆకాశం కనిపించి పిట్టలు గుద్దుకుంటాయి. చెక్క తలుపుల కిటికీ పెట్టు. అద్దమే కావాలంటే బయట వల బిగించు. వీధి దీపం లాంటి తెల్ల లైట్లు వద్దు, పసుపు బల్బులు, మీద మూతతో, వెలుగు కిందికే పడేట్టు. కరెంటు తీగ నీ చేను దాకా భూమిలోపల కేబులుగా తెచ్చుకో. గూటికీ చెరువుకూ మధ్య తీగ వేలాడితే పెద్ద రెక్కల పక్షి మసక వెలుగులో గుద్దుకుంటుంది.

మరుగుదొడ్డికి జంట గుంతలు. చెరువుకూ బోరుకూ పదిహేను మీటర్లు దాటి ఉండాలి, గుంత అడుగు నీటి మట్టానికి రెండు మీటర్లు పైన. ఒకటి నిండితే రెండోదానికి తిప్పి, మొదటిదాన్ని రెండేళ్లు కదపకు. యాసిడ్, ఫినాయిలు పోస్తే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చి గుంత అట్లే నిండిపోతుంది. స్నానం నీళ్లు అరటి మొక్కలకు.

వంటింటి చెత్త గురించి నవ్వకుండా విను. బయట పారేసిన బువ్వకు కోతులొస్తాయి, కాకులు పెరుగుతాయి. బువ్వ అయిపోయాక వాటి చూపు గూళ్ల మీద పడుతుంది. బిగువు మూతల డ్రమ్ములు పెట్టు, మూత మీద రాయి పెట్టు. కోతులకు అరటిపండు ఇచ్చే అతిథికి గట్టిగానే చెప్పు. ఉగ్గాని బజ్జి, సంగటి, ఊరుబిండి అందరికీ నచ్చుతాయి. టిఫిన్ మాత్రం మాటు నుంచి వచ్చాకే, పోయేముందు టీ, రెండు బిస్కెట్లు చాలు.

పిల్ల కింద పడితే ఏం చేయాలో ముందే నేర్చుకో. తల మీద తడి లేని బట్ట కప్పి, ముక్కు నీ కంటికి దూరంగా పట్టుకుని, నీడలో గంపలో పెట్టి అటవీశాఖ వాళ్లకు ఫోన్ చెయ్యి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం, పాలు వద్దు. తిండి పెట్టాల్సి వస్తే చిన్న చేప, ముందర పెట్టు, అదే తింటుంది. ఒకేసారి ఎక్కువ పక్షులు చచ్చి కనిపిస్తే చేత్తో ముట్టొద్దు, అతిథుల్ని ఆపి పశువుల డాక్టరుకు కబురు పెట్టు. చెట్ల కింద నాలుగడుగుల ఎత్తున వల కడితే కొన్ని పిల్లలు బతుకుతాయి. కన్ను సన్నగా ఉన్న వల కొను, పెద్ద కన్నులో కాలు ఇరుక్కుని విరుగుతుంది.

చెట్ల సొంతదారుల మాట మరవకు. చింతపండు దులిపేదీ, కొంగ గుడ్లు పెట్టేదీ ఒకే రోజుల్లో. నిండుగా కాసే చెట్టు ఏడాదికి 150 కిలోల దాకా ఇస్తుంది. అది వాళ్లు వదులుకుంటున్నారు. ఆ విలువ మార్కెట్ ధరకు కట్టి, పక్షులు గూళ్లు పెట్టకముందే చేతిలో పెట్టు. నీ గదుల అసలు అద్దె అది. ముసలి చెట్లకు బదులుగా కొత్త చింత నాటితే గూడు మోయడానికి చాలా ఏళ్లు పడుతుంది. చెరువు ఎగువన నల్లతుమ్మ నాటు, త్వరగా ఎదుగుతుంది, కొంగకూ ఇష్టమే.

పంచాయతీ అనుమతి, టూరిజం శాఖలో నమోదు, వంటకు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి, విదేశీయులు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్లో వాళ్ల వివరాలు పంపడం, ఇవన్నీ కావాలి. అటవీ రేంజి ఆఫీసరును మొదటి వారమే కలువు. డ్రోను తెచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపు.

పునాది తీసేముందు ఒకసారి కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరు పోయి రా. ఊరి చెట్ల మీదే గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ పిల్లల్ని చేసే ఊరు, 2007లో కమ్యూనిటీ రిజర్వు అయింది. ఫిబ్రవరి, మార్చిల్లో పో. పక్షుల్ని కాస్త తక్కువ చూసి, చెట్ల కింద ఇళ్లవాళ్లు ఏం చేస్తున్నారో ఎక్కువ చూడు.

మట్టం గొట్టం ముప్పై మీటర్లది నా దగ్గర ఉంది. కార్తీకం లోపు వచ్చి పట్టుకుపో, మాటు గుంజలు నాటేదీ అప్పుడే.

ఇట్లు,
మీ మామ
అనంతపురం