హ్యాండిల్ సంగతి తర్వాత, ముందు వైర్లు చూడు

ఒరేయ్ చిన్నా,

సెకండ్ హ్యాండ్‌లో బజాజ్ అవెంజర్ స్ట్రీట్ 220 బండి కొన్నావట, హ్యాండిల్ తీసేసి ఎత్తుది వేయిస్తావట. నిన్ను కోప్పడమని అన్నయ్య ఫోన్ చేశాడు. నేనేం కోప్పడతాను, నీ వయసులో నా పాత బుల్లెట్‌కి ఎనిమిది అంగుళాలు ఎత్తు పెంచినవాణ్ణి!

ఇంతకీ ఎత్తు నడుం కోసమా, ఫోటో కోసమా? నడుం కోసమైతే బండి మీద మామూలుగా కూర్చో. కళ్లు మూసుకుని, భుజాలు బిగించకుండా చేతులు ముందుకు చాపు. అరచేతులు ఎక్కడ ఆగాయో, గ్రిప్‌కి ఎంత పైన, ఎంత వెనక ఉన్నాయో చెల్లిని టేపు పెట్టి కొలవమను. నేను ఎనిమిది అంగుళాలు పెంచేశాక ఎప్పుడో అలా కొలిస్తే, నాకు కావాల్సింది రెండున్నర అంగుళాలే అని తేలింది. చేతులు భుజాల కంటే పైకి పోయాయంటే గంటకే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఉన్న హ్యాండిల్‌నే, దాన్ని మధ్యలో పట్టి ఉంచే క్లాంపులు వదులు చేసి కొంచెం నీ వైపు తిప్పి చూడు. దాంతోనే సరిపోతే పైసా ఖర్చు లేదు.

సరిపోకపోతే, అవెంజర్‌లోనే క్రూజ్ మోడల్‌కి ఎత్తు హ్యాండిల్ కంపెనీయే ఇచ్చింది. దాని హ్యాండిల్, క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ పోయే గొట్టం) కలిపి అడుగు. నీ బండి ఏ సంవత్సరందో చెప్పి మరీ అడుగు. కార్బురేటర్ బండి వైరు, 2020లో వచ్చిన ఇంజెక్షన్ బండి వైరు ఒకటి కాదు. బయట హ్యాండిల్ పైపు కొంటే గ్రిప్ దగ్గర మందం 22 మిల్లీమీటర్లు ఉందో లేదో చూడు, హార్లే తరహావి 25.4 ఉంటాయి. మధ్యలో క్లాంపు పట్టే చోట వేలితో రుద్దితే ఆకురాయిలా గరగరలాడాలి. నున్నగా ఉంటే గట్టిగా బ్రేక్ వేసినప్పుడు హ్యాండిల్ ముందుకు జారుతుంది.

అసలు కథ వైర్లదే. నేను హ్యాండిల్ మార్చి పాత వైర్లే ఉంచాను, తిన్నగా పోతున్నంతసేపూ బాగానే ఉంది. సందులో బండి తిప్పుకుందామని ఎడమకి పూర్తిగా కోశానో లేదో, యాక్సిలరేటర్ వైరు లాక్కుపోయి ఇంజన్ గీపెట్టింది. నేనూ బండీ ఎదురింటి గోడకి! ఆ గోడ సున్నం ఖర్చు మీ తాతయ్యే ఇచ్చుకున్నాడు. అందుకే బిగించాక బండి న్యూట్రల్‌లో నిలబెట్టి, యాక్సిలరేటర్ ముట్టకుండా ఇంజన్ ఐడిల్‌లో పెట్టు. ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా హ్యాండిల్ తిప్పు. శబ్దం కొంచెం పెరిగినా రోడ్డెక్కొద్దు. గ్రిప్ వదిలితే టక్కున వెనక్కి రావాలి. తిప్పుతున్నప్పుడు క్లచ్ లివర్ బిగుసుకోకూడదు, హ్యాండిల్ ట్యాంకుకి తగలకూడదు, హోస్ టైరుకి రాసుకోకూడదు.

హోస్ మార్చితే బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలి తీయాలి. ముందు ట్యాంకు మీద పాత టవల్ కప్పు, బ్రేక్ ఆయిల్ చుక్క పడితే పెయింట్ లేచిపోతుంది. ఏ ఆయిల్ పోయాలో హ్యాండిల్ మీది బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీదే రాసుంటుంది. బ్రేక్ లివర్ నొక్కి పట్టుకుని, కింద చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే చిన్న మర, నిపుల్ అంటారు, అది వదులు చెయ్యి, బుడగలు వస్తాయి. నిపుల్ బిగించాకే లివర్ వదలాలి. ముందే వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. లివర్ రాయిలా గట్టిపడేదాకా ఇదే పని. జాయింట్ దగ్గర రాగి వాషర్లు కొత్తవి వెయ్యి.

స్విచ్‌ల వైర్లు చాలకపోతే మెలితిప్పి టేపు చుట్టనివ్వకు. టంకం పెట్టించి స్లీవ్ వేయించు.

చట్టం మాటా చెప్పాలి. కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకీ ఓనరుకి 5,000 జరిమానా వేయొచ్చు, జైలు శిక్షకీ వీలుంది. పార్టులు కొనకముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కో.

వాళ్లు సరేనంటే ఆదివారం పొద్దున్నే బండి తీసుకురా, ఎండెక్కేలోపు చేసేద్దాం. పాత హ్యాండిల్ మాత్రం అమ్మేయకు. మా అటక మీద చోటుంది.

మీ బాబాయ్