సెట్టు మొత్తం వద్దు, రోజూ తిరిగే మెషీన్ మాత్రం మంచిది కొనండి

ప్రశ్న: ఖమ్మంలో కబోర్డులు, వార్డ్‌రోబ్‌లు చేసే వడ్రంగిని. చెక్క కోసే మెషీన్ మామూలుది 3,500 రూపాయలు, పేరున్న కంపెనీది 9,000. డ్రిల్లు, రూటరు (చెక్కలో గాడులు, అంచుల డిజైన్లు తీసే మెషీన్), చిత్రిక మెషీన్‌తో కలిపి ఖరీదైన సెట్టును 60,000కు వాయిదాల మీద ఇస్తామంటున్నారు. నాకు రోజుకు 1,200 మిగులుతుంది, సహాయకుడికి 700 ఇస్తాను. కొనవచ్చా?

జవాబు: రెండు కట్టింగ్ మెషీన్ల ధరలో తేడా 5,500 రూపాయలు. ఏది ఎన్నేళ్లు వస్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు కాబట్టి, మెషీన్ ఆగిన రోజున మీకు ఎంత నష్టమో లెక్క వేయండి. కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్కలు) అరగడం ఏ మెషీన్‌కైనా ఉన్నదే, అది చిన్న ఖర్చు. అసలు దెబ్బ ఆర్మేచర్, అంటే మోటారులో తీగ చుట్టిన తిరిగే భాగం, కాలినప్పుడు తగులుతుంది: మందపాటి ప్లైవుడ్‌ను గంటల తరబడి కోస్తుంటే చవక మోటారు వేడెక్కి ఆ తీగ చుట్ట (వైండింగ్) కాలిపోతుంది, బాగు చేయించి తెచ్చేదాకా పని ఆగుతుంది, సైటుకు వచ్చిన సహాయకుడికి మాత్రం కూలి ఇవ్వక తప్పదు. అంటే ఒక్కరోజు ఆగితే 1,900 పోయినట్టే. చవకది ఖరీదైనదానికంటే మూడు రోజులు ఎక్కువ ఆగినా 5,700 నష్టం, తేడా అక్కడికే తీరిపోతుంది. రోజూ తిరిగే మెషీన్‌కు మూడు రోజులంటే ఎక్కువేమీ కాదు కనుక 9,000ది తీసుకోమనే నా సలహా; అయితే దాని సర్వీసు సెంటరు ఖమ్మంలోనే ఉందో, హైదరాబాదు పంపాలో ముందు కనుక్కోండి, ఎందుకంటే వారం పట్టే వారంటీ మరమ్మతు ఈ లెక్కనంతా తలకిందులు చేస్తుంది.

రూటరుకు ఈ లెక్క వర్తించదు. నెలకు రెండు మూడుసార్లు వాడేదానికి మామూలు రకం చాలు, లేదా అద్దెకు తెచ్చుకోవచ్చు. చిత్రిక పట్టాల్సింది టేకు లాంటి అసలు చెక్కకే, ప్లైవుడ్‌కు దాని అవసరం తక్కువ; కనుక చిత్రిక మెషీన్ సంగతి మీ పనిలో టేకు ఎంత, ప్లైవుడ్ ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది.

60,000ను 15 శాతం వడ్డీతో 12 వాయిదాల్లో కడితే వడ్డీయే దాదాపు 5,000 అవుతుంది. వడ్డీ లేదని చెప్పినా, నగదుకు ఇచ్చే తగ్గింపు పోతుందేమో అడగండి. దానికన్నా ముందు చేతివృత్తుల వారి కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం చూడండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. ప్రాథమిక శిక్షణ మొదట్లో నైపుణ్యం పరీక్షించాక పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, ఆ శిక్షణ పూర్తయ్యాక తొలి విడతగా లక్ష రూపాయల వరకు 5 శాతం వడ్డీకి పూచీకత్తు లేని రుణం ఇస్తారు. ఇంటికి ఒక్కరికే అవకాశం ఉంటుంది కనుక, మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే నమోదయ్యారేమో కామన్ సర్వీస్ సెంటర్‌లో (ప్రభుత్వ పథకాలకు దరఖాస్తులు నమోదు చేసే కేంద్రం) అడగండి.