పాత డిస్కును అప్పుడే పారేయకండి

సందేహం: రాజాంలో ఇంటి ముందుగదిలోనే ఫొటో స్టూడియో నడుపుతున్నాం. పాత కంప్యూటర్‌లో ఓపెన్‌మీడియావాల్ట్ (కంప్యూటర్‌ని ఫైళ్ల సర్వర్‌గా మార్చే లినక్స్) వేసి, నాలుగు 4 టీబీ డిస్కులతో రెయిడ్-5 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కుల్ని కలిపే పద్ధతి) పెట్టుకున్నాం. ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఈఎక్స్‌టీ4. రాత్రి షాపు కట్టేటప్పుడు సర్వర్ కూడా ఆపేస్తాం. మూడో డిస్కు మీద హెచ్చరికలు వస్తుంటే తీసేసి కొత్తది పెట్టాను. రీబిల్డ్ (కొత్త డిస్కులో డేటాని తిరిగి నింపే పని) 62 శాతం దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు రెండో డిస్కు కూడా పాడైందంటోంది, వాల్యూమ్ కనపడటం లేదు. అయిదేళ్ల పెళ్లి ఫొటోలు పోయినట్టేనా సార్?

జవాబు: చాలావరకు పోలేదు. పోయేది ఇక మీదట తొందరపడితేనే. రీబిల్డ్ మళ్లీ మొదలుపెట్టకండి. కొత్త అరే (రెయిడ్‌గా కలిపిన డిస్కుల కూటమి) సృష్టించమని మెనూలో ఏం కనపడినా నొక్కకండి. లినక్స్‌లో రెయిడ్‌ని నడిపే ఎండీఏడీఎంలో ‘క్రియేట్’ ఆదేశం మంత్రంలా పనిచేసిందని ఎవరైనా చెప్పినా నమ్మకండి. డిస్కుల వరుసో చంక్ సైజో (ఒక్కో డిస్కుకి పంచే డేటా ముక్క పరిమాణం) కాస్త తేడా పడితే ఉన్నది కూడా చెడిపోతుంది. మిషన్ ఆపేసి, ఒక్కో డిస్కు సీరియల్ నంబరు, అది ఏ పోర్టులో ఉందో కాగితం మీద రాసుకోండి. డిస్కులకి లినక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే అక్షరాల్ని నమ్ముకోవద్దు. రీబూట్ అయితే అవి తారుమారు కావచ్చు.

జరిగింది ఇదీ. రీబిల్డ్ అంటే మిగిలిన మూడు డిస్కుల్నీ మొదటి సెక్టార్ (డిస్కులో అతి చిన్న గడి) నుంచి చివరిదాకా చదవాలి. రెండో డిస్కులో ఎప్పుడో ఒక సెక్టార్ చెడింది. ఆ చోట ఉన్న ఫొటోని ఎవరూ తెరవలేదు కాబట్టి బయటపడలేదు. ఓపెన్‌మీడియావాల్ట్‌కి ఆధారమైన డెబియన్ లినక్స్‌లో నెలలో మొదటి ఆదివారం, శనివారం అర్ధరాత్రి దాటాక, అరే మొత్తాన్ని చదివి చూసే తనిఖీ ఉంటుంది. ఆ వేళకి మీ సర్వర్ ఆపేసి ఉంటుంది! అంటే ఆ తనిఖీ మీ దగ్గర ఎన్నడూ జరగలేదన్నమాట.

ఇప్పుడు చేయాల్సింది రెండో డిస్కుకి నకలు తీయడం. సాటా పోర్టులున్న (డిస్కులు నేరుగా తగిలించే) వేరే కంప్యూటర్‌ని లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, రెండో డిస్కునీ కొత్తగా కొన్న డిస్కునీ తగిలించండి. కొత్తదాని మీద సగం రీబిల్డ్ అయినది పోయినా ఫర్వాలేదు, పాత మూడో డిస్కు మీ చేతిలో ఉంటే చాలు. నకలు డిస్కు అసలుకన్నా ఒక్క బైటు కూడా తగ్గకూడదు. 4 టీబీ అంటే సాధారణంగా 4000787030016 బైట్లు ఉంటుంది, ముందే చూసుకోండి.

చెడిన డిస్కు నుంచి నకలు తీసే జీఎన్‌యూ డీడీరెస్క్యూ ప్రోగ్రాంని మొదటిసారి ‘ఎన్’ ఆప్షన్‌తో నడపండి. చెడిన చోట పట్టుబట్టి కూర్చోకుండా బాగున్నదంతా ముందు లాగేస్తుంది. రెండోసారి ‘డీ’, ‘ఆర్3’ ఆప్షన్లతో నడిపితే మిగిలిన చెడ్డ చోట్లను మూడు విడతలు ప్రయత్నిస్తుంది. ఆదేశంలో ముందు పాత డిస్కు, తర్వాత కొత్తది, చివర మ్యాప్ ఫైల్. మొదటి రెండూ తారుమారైతే ఇక నా జవాబు అక్కర్లేదు. మ్యాప్ ఫైల్‌ని ఈ రెండు డిస్కుల్లో కాకుండా ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. కరెంటు పోయినా ఆగిన చోటు నుంచి కొనసాగించేది ఆ ఫైలే. సెకనుకి 150 ఎంబీ చొప్పున చూసుకున్నా ఏడున్నర గంటలు పడుతుంది. చెడ్డ చోట్ల దగ్గర ఇంకా సాగుతుంది. చిన్న యూపీఎస్ అంతసేపు ఆదుకోదు, అందుకే మ్యాప్ ఫైల్ తప్పనిసరి.

నకలు పూర్తయ్యాక ఒకటి, రెండు(నకలు), నాలుగు డిస్కుల్ని సర్వర్‌లో పెట్టండి. సగం లేచిన అరేని ‘స్టాప్’ చేసి, ఈ మూడింటి పేర్లూ ఇచ్చి ‘అసెంబుల్, ఫోర్స్’ అనండి. వాల్యూమ్‌ని ‘ఆర్‌ఓ (చదవడానికి మాత్రమే), నోలోడ్’ ఆప్షన్లతో మౌంట్ చేయాలి. ఆర్‌ఓ ఒక్కటే ఇస్తే ఈఎక్స్‌టీ4 తన జర్నల్‌లో (మార్పుల చిట్టా) మిగిలిన మార్పుల్ని డిస్కు మీద రాసే ప్రయత్నం చేస్తుంది. ముందు ఫొటోలన్నీ బయటి డిస్కుకి కాపీ చేసుకోండి. రీబిల్డ్ సంగతి తర్వాత.

చదవలేని చోట్ల నకలులో సరైన డేటా ఉండదు. ఆ సెక్టార్లు ఫైల్ సిస్టమ్ సొంత లెక్కల మీద పడకపోతే నష్టం ఒకటి రెండు ఫొటోలకే పరిమితం. ఆ ఒకటి రెండూ కావాలంటే పాత మూడో డిస్కు పనికొస్తుంది. రెండో డిస్కుని పక్కనపెట్టి ఒకటి, పాత మూడు, నాలుగుతో అరే లేపొచ్చు. కానీ మూడోది తీశాక సర్వర్‌లో ఎంత రాశారో అంత తేడా ఉంటుంది. అందుకే ఈ ప్రయోగం అసలు డిస్కుల మీద వద్దు, వాటి నకళ్ల మీదే.

ఇంకోసారి డిస్కు మార్చాల్సి వస్తే, చదవగలిగే స్థితిలో ఉన్నదాన్ని ముందే పీకొద్దు. ఖాళీ సాటా పోర్టులో కొత్తది పెట్టి, ఎండీఏడీఎంలో ‘రీప్లేస్’ వాడండి. పాతది అరేలో ఉండగానే కొత్తదానికి కాపీ అవుతుంది. కాపీలో ఎక్కడైనా చదవలేకపోతే మిగతా మూడూ ఆదుకుంటాయి. తీరం వైపు తుపాను హెచ్చరికలుంటే ఆ వారం ఈ పని పెట్టుకోకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు.

సందేహం: పలాసలో ఉంటాను. అరేలో కొత్తగా పెట్టిన డిస్కు రెండ్రోజులకోసారి బయటికి పోతోంది. కొన్న షాపులో పరీక్షిస్తే బాగానే ఉందంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) మాట నమ్మండి. 5, 197 నంబర్ల (చెడిన సెక్టార్ల లెక్కలు) ముడి విలువలు పెరుగుతుంటే డిస్కుదే తప్పు, వారంటీలో మార్పించండి. 199 (కేబుల్ మీద డేటా చెడిన సార్ల లెక్క) పెరుగుతుంటే డిస్కు అమాయకురాలు, తప్పు కేబుల్‌ది. ఆ అంకె తగ్గదు కాబట్టి ఈరోజు ఎంతుందో రాసుకుని, కేబుల్ మార్చి, వారం తర్వాత చూడండి. సముద్రం గాలి తగిలే చోట కనెక్టర్లకి పొర కట్టడం మామూలే. కాంటాక్ట్ క్లీనర్ చాలు, గరుకు కాగితంతో రుద్దకండి.

మూడూ కదలకపోతే అది డెస్క్‌టాప్ రకం డిస్కేమో చూడండి. చెడ్డ సెక్టార్ తగిలితే అలాంటివి నిమిషం దాటి పెనుగులాడతాయి. లినక్స్ 30 సెకన్లే ఆగి గెంటేస్తుంది. స్మార్ట్‌సీటీఎల్‌లో ‘ఎస్‌సీటీఈఆర్‌సీ’ (చెడ్డ చోట డిస్కు పెనుగులాడే సమయానికి పరిమితి) విలువ 70, 70 పెట్టండి, అంటే ఏడు సెకన్లు. డిస్కు ఒప్పుకోకపోతే కెర్నల్ టైమ్ఔట్‌ని 180కి పెంచండి. ఇవి బూట్ అయిన ప్రతిసారీ మళ్లీ పెట్టాలి, స్టార్టప్ స్క్రిప్టులో రాసేయండి. ఎక్కువసేపు రాసేటప్పుడే పోతుంటే ఎస్‌ఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత పరుచుకునే రకం) డిస్కని అనుమానించాలి. ఈసారి కొనేటప్పుడు మోడల్ నంబరు చూసి సీఎంఆర్ (ట్రాకులు అలా పరుచుకోని రకం) అడగండి.

సందేహం: నాలుగు 4 టీబీ డిస్కుల స్థానంలో ఒక్కొక్కటిగా 8 టీబీవి పెట్టాను. రెయిడ్-5 సైజు ఇంకా 12 టీబీయే. (విజయనగరం)

జవాబు: ఎండీఏడీఎంలో ‘గ్రో, సైజ్ మ్యాక్స్’ ఇచ్చి, అది పూర్తయ్యాక ఫైల్ సిస్టమ్‌ని పెంచే రీసైజ్2ఎఫ్‌ఎస్ నడపండి, 24 టీబీ వస్తుంది. పాత ఈఎక్స్‌టీ4 అయితే 64బిట్ ఫీచర్ లేక 16 టెబీబైట్ల (దాదాపు 17.6 టీబీ) దగ్గర మొరాయిస్తుంది. అన్‌మౌంట్ చేసి, ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్ తనిఖీ) నడిపి, రీసైజ్2ఎఫ్‌ఎస్ ‘బీ’ ఆప్షన్‌తో మార్చుకోండి. బ్యాకప్ లేకుండా మాత్రం వద్దు.